ట్రైలర్లకూ గోడలకూ ఒకే స్ప్రే మిషన్ సరిపోతుందా?

అడిగిన విషయం: అనంతపురం దగ్గర ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ట్రాక్టర్ ట్రైలర్లు, వేరుశనగ నూర్పిడి మిషన్లు తయారుచేస్తాం. ఈ ఏడాది నుంచి గోడౌన్లకు, స్కూలు బిల్డింగులకు పెయింటింగ్ కాంట్రాక్టులు కూడా పడుతున్నాం. ఇప్పుడు 2 హెచ్‌పీ కంప్రెసర్, కింద డబ్బా ఉండే మామూలు గన్ను ఉన్నాయి. అన్నిటికీ పనికొచ్చేలా ఒక మంచి ఎయిర్‌లెస్ మిషన్ కొంటే సరిపోతుందా? లక్ష రూపాయల దాకా పెట్టగలను.

సమాధానం:

తమ్ముడూ, నీ బడ్జెట్‌లో రెండు పనులకూ దారి ఉంది, కానీ అది ఒకే ఎయిర్‌లెస్‌తో కాదు. ట్రైలర్లకు, నూర్పిడి మిషన్లకు నీ దగ్గరున్న గాలి లైనునే బాగుచేసుకో. గోడలకు మాత్రం ఎయిర్‌లెస్ తీసుకో. తాడిపత్రి స్లాబు పాలిషింగ్ యూనిట్లలో, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీ షట్‌డౌన్ పనుల్లో, ఇటు మామూలు బిల్డింగుల మీద కూడా చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. మన దగ్గర చాలామంది ముందు మిషన్ కొనేసి, ఆ తర్వాత అందులో ఏ పెయింట్ పోతుందా అని వెతుక్కుంటారు. లెక్క అటునుంచి కాదు, ఇటునుంచి రావాలి. ముందు ఏ పెయింట్ కొట్టాలో తేల్చుకో. దానికి తగిన టిప్పు, అంటే గన్ను మూతిలో పెట్టే సన్న రంధ్రం ముక్క, ఏదో చూడు, ఆ టిప్పును లాగగలిగే పంపు చూడు, ఆ పంపును నడపగలిగే కరెంటు సైటులో ఉందో లేదో చూడు. ఈ వరసలో వెళ్తే షాపువాడు ఏం చెప్పినా నువ్వు తికమక పడవు.

మామూలు గన్నులో పెయింటును గాలి చీల్చి పొగలా చేస్తుంది. పెయింటుతోపాటు బోలెడంత గాలి కూడా బయటికి వస్తుంది, ఆ గాలి రేకుకు తగిలి వెనక్కి మళ్లేటప్పుడు కొంత పెయింటును కూడా తీసుకుపోతుంది. షెడ్డులో కమ్ముకునే మంచు అదే. ఎయిర్‌లెస్‌లో గాలి లేదు. పంపే పెయింటును 2000 నుంచి 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో ఒక సన్నని రంధ్రంలోంచి తోస్తుంది, ఆ తోపుకే పెయింట్ తుంపరగా విరుగుతుంది. పొగ తక్కువ, వేగం ఎక్కువ, చిక్కటి పెయింటును కూడా పెద్దగా థిన్నర్ కలపకుండానే లాగుతుంది. కానీ నునుపు విషయంలో మంచి గాలి గన్నుతో అది పోటీ పడలేదు. చిన్న చిన్న భాగాల మీద అదుపు కూడా తక్కువే.

ముందు నీ షెడ్డు సంగతి చూద్దాం. 2 హెచ్‌పీ కంప్రెసర్‌తో ఇబ్బంది పడుతున్నావని నువ్వు రాయకపోయినా నాకు తెలుస్తోంది. మంచి కంప్రెసర్ అయినా ఒక్కో హార్స్ పవర్‌కు నికరంగా 3 నుంచి 4 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలే ఇస్తుంది. అంటే నీకు వచ్చేది మహా అయితే ఏడెనిమిది. 1.8 మి.మీ. నాజిల్ ఉన్న మామూలు గన్ను ఆగకుండా కొడితే 8 నుంచి 12 సీఎఫ్‌ఎం దాకా తాగుతుంది. ట్రైలర్ సైడు రేకు ఒకటి సగం అయ్యేసరికి ట్యాంకులో ప్రెషర్ పడిపోతుంది, తుంపర ముతకగా మారుతుంది, నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది. పెయింటర్ ఏం చేస్తాడు? ఇంకొంచెం థిన్నర్ పోస్తాడు. దాంతో పెయింట్ కారుతుంది. పైగా కంప్రెసర్ ఊపిరి తీసుకోకుండా తిరిగి వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోని ఆవిరి పైపులోకి వచ్చాక నీళ్లవుతుంది. కొట్టిన పెయింట్ మీద చిన్న చిన్న గుంటలు పడి కింద ప్రైమర్ కనిపిస్తుంటే అది గాలిలో నీళ్లో, కంప్రెసర్ ఆయిలో వస్తున్నట్టు లెక్క. పెయింట్ కంపెనీ మీద అనుమానపడే ముందు ఇది చూడాలి.

కంప్రెసర్ కొనేటప్పుడు బోర్డు మీద పెద్దగా రాసే అంకె పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. గన్నుకు నిజంగా అందేది ఫ్రీ ఎయిర్ డెలివరీ. రెండోది మొదటిదానికన్నా బాగా తక్కువ ఉంటుంది కాబట్టి దాన్నే అడుగు. షెడ్డులో త్రీ ఫేజ్ ఉంటే 5 హెచ్‌పీ, 200 లీటర్లకు తగ్గని ట్యాంకు తీసుకుంటే ఒక గన్నుకు నిశ్చింత. కొత్తది వద్దనుకుంటే మంచి కండిషన్‌లో ఉన్న పాతదైనా చూడు, కానీ ట్యాంకు లోపల తుప్పు ఎంత ఉందో చూడకుండా తీసుకోకు. రోజూ సాయంత్రం ట్యాంకు కింద కాక్ తిప్పి నీళ్లు వదిలే అలవాటు కుర్రాళ్లకు చేయించు. ఆయిల్, నీళ్లు పట్టే ఫిల్టర్‌ను కంప్రెసర్ పక్కనే బిగిస్తారు చాలామంది, అది అంత పనిచేయదు. గాలి కొంత దూరం ఇనుప పైపులో పోయి చల్లబడ్డాక, గన్ను హోస్ తగిలించే చోట ఫిల్టర్ ఉండాలి.

రెండో మార్పు, కింద డబ్బా గన్ను తీసేసి ప్రెషర్ పాట్ పెట్టుకోవడం. ట్రైలర్ చాసిస్ అడుగు భాగం కొట్టాలంటే గన్నును పైకి తిప్పాలి. లీటరు డబ్బా గన్నును అలా తిప్పగానే పెయింట్ అందడం ఆగిపోయి గాలి పుర్రుమంటుంది, డబ్బా మూత రంధ్రంలోంచి చేతి మీదకు కారుతుంది. అందుకే ఎక్కడ చూసినా ట్రైలర్ల అడుగుభాగం బ్రష్షుతో ఏదో పూసేసినట్టు ఉంటుంది, తుప్పు కూడా మొదట అక్కడే మొదలవుతుంది. 10 లీటర్ల పాట్ నేల మీద ఉంటుంది, గన్నుకు రెండు హోసులు వస్తాయి, ఒకదాంట్లో గాలి, ఒకదాంట్లో పెయింట్. గన్ను తేలిగ్గా ఉంటుంది, ఎటు తిప్పినా కొడుతుంది, గంటసేపు డబ్బా నింపే పని లేదు. నీ పనికి ఇది ఎయిర్‌లెస్ కన్నా ఎక్కువ మార్పు తెస్తుందని నా నమ్మకం.

నాజిల్ విషయానికొస్తే, ప్రైమర్‌కు 1.8 నుంచి 2 మి.మీ., సింథటిక్ ఎనామెల్‌కు 1.5 నుంచి 1.8, పీయూ (పాలీయురేథేన్) ఫినిష్‌కు 1.3 లేదా 1.4. థిన్నర్ కంటితో చూసి కలపకుండా బీ4 కప్పు ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చు కాదు. కప్పు నిండా పెయింట్ పోసి కింద రంధ్రం వదిలితే, ధార తెగేదాకా ఎన్ని సెకన్లు పడుతుందో అదే చిక్కదనం. గాలి గన్నుకు మామూలుగా 20 నుంచి 25 సెకన్లు. మధ్యాహ్నం ఎండలో, ఉదయం చలిలో ఒకే పెయింట్ వేరేగా కారుతుంది కాబట్టి కొట్టబోయే ముందు కొలవాలి.

హెచ్‌వీఎల్‌పీ, అంటే గాలి ఎక్కువ, ప్రెషర్ తక్కువ వాడే గన్నుల గురించి కూడా షాపులో చెప్తారు. గన్ను మూతి దగ్గర గాలి ప్రెషర్ 10 పీఎస్‌ఐ దాటదు కాబట్టి పెయింట్ వెనక్కి ఎగరడం తక్కువ, మిగులు బాగా ఉంటుంది. కానీ వాటికి గాలి పరిమాణం ఎక్కువ కావాలి, 12 సీఎఫ్‌ఎం పైనే. 2 హెచ్‌పీ మీద పెడితే తుమ్ముతుంది. 5 హెచ్‌పీ వచ్చాక తీసుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎయిర్‌లెస్‌తోనే ట్రైలర్లూ కొట్టేస్తే ఏమవుతుంది? ముందు టిప్పు నంబరు చదవడం తెలియాలి. 517 అని ఉందనుకో. మొదటి అంకెను రెండుతో హెచ్చవేస్తే, అడుగు దూరం నుంచి కొట్టినప్పుడు పడే పట్టీ వెడల్పు అంగుళాల్లో వస్తుంది, అంటే 10 అంగుళాలు. చివరి రెండు అంకెలు రంధ్రం సైజు, అంగుళంలో వెయ్యింట 17 వంతులు. గోడకు ఈ 10 అంగుళాల పట్టీ బంగారం. అదే పట్టీని ట్రైలర్ చాసిస్‌లో 50 మి.మీ. యాంగిల్ మీద కొడితే, పెయింటులో ఐదో వంతే యాంగిల్ మీద పడుతుంది, మిగతా నాలుగు వంతులు అవతలి గాల్లోకి పోతుంది. 211 టిప్పు పెడితే పట్టీ 4 అంగుళాలకు దిగుతుంది, అప్పుడు కూడా సగం వృథా. నూర్పిడి మిషన్ చూడు, జల్లెడ ఫ్రేము, పుల్లీ గార్డులు, బేరింగ్ హౌసింగులు, అన్నీ సన్నవీ గుండ్రటివీనే. వీటికి పట్టీని వేలితో తిప్పి వెడల్పు, గుండ్రం మార్చుకోగలిగే గాలి గన్నే సరి.

ఇంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. బిల్డింగుకు కొట్టేది నీళ్ల ఎమల్షన్, ట్రైలర్‌కు కొట్టేది ఆయిల్ ఎనామెల్. ఎమల్షన్ కొట్టిన పంపులోకి నేరుగా థిన్నర్ పోనిస్తే లోపల మిగిలిన ఎమల్షన్ గడ్డలు కడుతుంది. ఆ గడ్డలు వాల్వు బంతుల కింద ఇరుక్కుంటే పంపు ప్రెషర్ కట్టదు. నీళ్లతో తేటగా వచ్చేదాకా కడగాలి, నీళ్లన్నీ బయటికి తీసేయాలి, ఆ తర్వాత మినరల్ టర్పెంటైన్ తిప్పాలి, అప్పుడు ఎనామెల్. మళ్లీ గోడకు వెళ్లేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి. సోమవారం షెడ్డులో, మంగళవారం స్కూల్లో అంటే కుర్రాళ్లు ఎప్పుడో ఒకరోజు ఈ కడుగుడు ఎగ్గొడతారు. పంపు పాడయ్యేది ఆ రోజే. తప్పనిసరై ఒకే పంపు వాడాల్సి వస్తే కనీసం హోసులు రెండు పెట్టుకో, నీళ్ల పెయింటుకు ఒకటి, ఆయిలుకు ఒకటి.

టూ ప్యాక్ ఎపాక్సీ, అంటే వేరే డబ్బాలో వచ్చే హార్డెనర్ కలిపి కొట్టేది అయితే ఇంకా జాగ్రత్త. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాయి కోసే మిషన్లు రోజంతా నీళ్లలో, రాతి బురదలో తడుస్తాయి కాబట్టి వాటికి ఎనామెల్ నిలవదు, ఎపాక్సీ ప్రైమరు, పైన పీయూ కొట్టాలి. హార్డెనర్ కలిపిన నిమిషం నుంచి గడియారం నడుస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే పాట్ లైఫ్, అంటే కలిపిన పెయింట్ కొట్టడానికి పనికొచ్చే టైము, దాదాపు సగానికి పడుతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకు 6 గంటలు అని రాసి ఉంటే, మన ఏప్రిల్ మధ్యాహ్నం దాన్ని రెండు గంటలే అనుకో. 15 మీటర్ల పావంగుళం హోసులోనే దాదాపు అర లీటరు పెయింట్ నిలబడి ఉంటుంది. అన్నానికి వెళ్లొచ్చేలోపు అది లోపలే రాయి అయితే హోసు పోయినట్టే, పంపు కూడా పోవచ్చు. కొంచెం పనికి టూ ప్యాక్ అయితే పైడబ్బా గన్నులో కలుపుకున్నంతే కొట్టుకోవడం మేలు.

మిషనరీ పని పట్టేటప్పుడు మైక్రాన్ల లెక్క నేర్చుకో, రేటు వేయడానికి కూడా అదే ఆధారం. డబ్బాతోపాటు వచ్చే డేటా షీటులో వాల్యూమ్ సాలిడ్స్, అంటే ఆరాక పొరగా మిగిలే పెయింట్, శాతం ఉంటుంది. సాలిడ్స్ 50 శాతం, ఆరాక 75 మైక్రాన్లు ఉండాలంటే, తడిమీద 150 మైక్రాన్లు పడాలి. 10 శాతం థిన్నర్ కలిపితే 165. చేతి దువ్వెనలాగా పళ్లుండే చిన్న రేకు గేజీ దొరుకుతుంది, తడి పెయింట్ మీద నిలువుగా గుచ్చి తీస్తే ఏ పన్ను దాకా అంటిందో అదే మందం. కవరేజీ లెక్క కూడా సులువే. సాలిడ్స్ శాతాన్ని పదితో హెచ్చవేసి, కావాల్సిన మైక్రాన్లతో భాగిస్తే లీటరుకు వచ్చే చదరపు మీటర్లు వస్తాయి. 50 శాతం, 50 మైక్రాన్లు అయితే లీటరుకు 10. ఇది ఒక్క చుక్క వృథా కానప్పటి లెక్క. యాంగిల్ పనికి, ఆరుబయట పనికి వృథా ఎంతో నువ్వే కలుపుకోవాలి.

ఇక బిల్డింగులకు ఎయిర్‌లెస్. ప్రైమర్‌కు, ఎమల్షన్‌కు 515 నుంచి 519 దాకా టిప్పులు చాలు. పైకప్పు మీద కొట్టే చిక్కటి వాటర్‌ప్రూఫ్ కోటింగులకు 525, అంతకు పైన కావాలి. 17 రంధ్రం టిప్పు నిమిషానికి లీటరు పైచిలుకు లాగుతుంది, 21 అయితే 1.8 లీటర్ల దాకా. అంటే 517 ఆగకుండా నడిస్తే 20 లీటర్ల బకెట్టు ఇరవై నిమిషాల్లోపే ఖాళీ. పంపు మీద గరిష్ఠ టిప్పు సైజు అని రాసి ఉంటుంది. నువ్వు రోజూ వాడబోయే టిప్పు దానికన్నా రెండు మెట్లు తక్కువ ఉండేలా పంపు తీసుకో. టిప్పు అరిగేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, హద్దు మీద ఉన్న పంపు అప్పుడు చేతులెత్తేస్తుంది. నిమిషానికి 2 లీటర్లు ఇచ్చే, 21 టిప్పు దాకా లాగే పిస్టన్ పంపు నీ స్కూళ్లకు, గోడౌన్లకు సరిపోతుంది. పుట్టీ కూడా స్ప్రే చేస్తుందని చెప్పి పెద్ద మిషన్ అంటగట్టాలని చూస్తారు. పుట్టీ స్ప్రే వేరే స్థాయి పని, ఇప్పుడే దాని జోలికి పోకు.

డయాఫ్రమ్ పంపా, పిస్టన్ పంపా అని అడుగుతారు. పలచటి పెయింటుకు డయాఫ్రమ్ చాలాకాలం నడుస్తుంది. మన ఎమల్షన్లు, ప్రైమర్లు చిక్కన, పొడవు హోసు లాగాలి, కాబట్టి పిస్టనే. పిస్టన్‌కు ప్యాకింగులు అరుగుతాయి, అది సహజం. పై ప్యాకింగు దగ్గర రోజూ రెండు చుక్కలు ఆయిల్ వెయ్యాలి, ఆ కప్పు కనిపించకుండా ఉంటుంది కాబట్టి చాలామంది మర్చిపోతారు. గ్రాకో, వాగ్నర్ లాంటి పేరున్నవి కొన్నా, తక్కువ రేటు మిషన్ కొన్నా, ప్యాకింగ్ కిట్టు ఎక్కడ దొరుకుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కో. నీకు బెంగళూరు దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాదు. బస్సు పార్సిల్‌లో మర్నాటికి రాగలిగితేనే ఆ మిషన్ నీది.

ప్రెషర్ ఎప్పుడూ తక్కువలో మొదలుపెట్టు. అట్టపెట్టె మీద ఒక గీత కొట్టి చూస్తే, తక్కువ ప్రెషర్‌లో పట్టీకి రెండు అంచులా చిక్కటి గీతలు పడతాయి. మేం తోకలు అంటాం. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే ఒక దగ్గర తోకలు మాయమై పట్టీ అంతా ఒకేలా పడుతుంది. అక్కడే ఆపెయ్యి. అంతకు మించి పెంచితే పొగ పెరుగుతుంది, టిప్పు తొందరగా అరుగుతుంది, వేరే లాభమేమీ లేదు. 10 అంగుళాలు పడాల్సిన పట్టీ ఏడున్నరకు దిగిందంటే టిప్పు పని అయిపోయింది. పట్టీ సన్నగా, మధ్యలో మందంగా పడుతుంటే పెయింటర్ చెయ్యి బాగాలేదనుకుంటాం, కానీ అది టిప్పు అరుగుదల. కొత్త టిప్పు ధర చూసి వెనకాడితే దానికి మించిన డబ్బు పెయింట్ రూపంలో గోడకు ఎక్కువ పట్టిస్తావు. ఎమల్షన్‌కు గన్నులో 60 మెష్ ఫిల్టరు, ఎనామెల్‌కు 100 మెష్. బకెట్టులోకి పోసేటప్పుడు నైలాన్ గుడ్డలో వడకట్టడం మాత్రం ఏ ఫిల్టరూ తప్పించలేదు.

అన్ని బిల్డింగులకూ స్ప్రే లాభం కాదు. మనుషులు కాపురముంటున్న ఇంట్లో తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డులు, నేల అన్నీ మూయడానికి పట్టే టైములో రోలరుతో సగం పని అయిపోతుంది. తలుపులు ఇంకా బిగించని కొత్త కట్టడాలు, గోడౌన్ లోపలి గోడలు, స్కూలు సీలింగులు, పొడుగాటి కాంపౌండు గోడలు, వీటి దగ్గర మిషన్ విలువ తెలుస్తుంది. కొత్త ప్లాస్టరింగు మీద ప్రైమర్ కోటు స్ప్రే చేసిన వెంటనే, తడి ఆరకముందే, వెనకాల ఇంకొకడు పొడి రోలరుతో రుద్దుకుంటూ రావాలి. అప్పుడే పెయింట్ ఇసుక రంధ్రాల్లోకి దిగుతుంది. లేకపోతే పైపైన కూర్చుని రెండేళ్లకు పొరలుగా లేస్తుంది.

మన వైపు గాలి గురించి బయటివాళ్లు రాసిన పుస్తకాల్లో ఉండదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఇక్కడ గాలి ఉందనే. ఆషాఢంలో పగలు పది దాటితే బయట గోడకు స్ప్రే మాట ఎత్తకు. ఎయిర్‌లెస్ తుంపర కూడా గాలివాటున చాలా దూరం పోతుంది, పక్కింటి కారు అద్దం మీద, రోడ్డు పక్క బైకుల మీద చుక్కలు పడితే నీ కాంట్రాక్టు లాభమంతా అక్కడే పోతుంది. తెల్లవారి ఆరు నుంచి తొమ్మిదిలోపు బయటి పని ముగించి, తర్వాత లోపలి పనికి వెళ్లు. ఆ రోజుల్లో బయట గోడలకు రోలరు రేటు వేసుకోవడమే న్యాయం.

ఎండ సంగతి కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట ఉన్న రేకు మీద చెయ్యి పెట్టలేం. అంత వేడి రేకు మీద కొడితే తుంపర అంటుకునేలోపే ఆరిపోయి ఉప్పు కాగితంలా గరుకవుతుంది. నీడలోకి లాగు, నెమ్మదిగా ఆరే థిన్నర్ అడిగి తీసుకో. చలికాలం పొద్దున రేకు మీద కంటికి కనిపించని మంచు పొర ఉంటుంది. ఉపరితలం వేడి, మంచు పట్టే వేడి కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని, గాలిలో తేమ 85 శాతం దాటకూడదని నియమం. గేజీ లేకపోతే పొద్దు బాగా ఎక్కి, రేకు తడిమితే పొడిగా, గోరువెచ్చగా తగిలేదాకా ఆగు. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పని పడితే మిల్లు ఆగి ఉన్న సీజన్‌లోనే ఒప్పుకో. ఎగిరే దూది తడి పెయింటుకు అంటుకుంటుంది, అంతకుమించి దూది ఉన్నచోట థిన్నర్ ఆవిరి ఉండటం నిప్పుతో చెలగాటం.

కరెంటు. కొత్త గోడౌన్ సైటుల్లో మీటరు ఒక మూల, పని ఒక మూల. సన్నటి వైరు వంద మీటర్లు లాగి మిషన్ పెడితే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది, చివరికి కాలిపోతుంది. వైరు పొడుగు చేసే బదులు పెయింట్ హోసు పొడుగు చేసుకో, మిషన్ మీటరు దగ్గరే ఉంచు. వైరు వాడక తప్పకపోతే 2.5 చదరపు మి.మీ.కు తగ్గని కేబులు, ఎర్తింగు ఉన్న ప్లగ్గు.

చీనీ (బత్తాయి) తోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌తో పెయింట్ కొట్టొచ్చా అని కూడా నన్ను అడుగుతుంటారు. సున్నానికి బాగానే పనికొస్తుంది. మేడ మీద చల్లదనానికి సున్నం కొట్టడానికి, గోడౌన్ లోపలి గోడలకు సున్నం వేయడానికి అదే వాడు. వాడాక బాగా కడుగు, ఆ తర్వాత మందుకు వాడేవాళ్లకు ఇచ్చేటప్పుడు ఒకసారి ఉత్త నీళ్లు కొట్టి చూడు. ఎమల్షన్‌ను మాత్రం అది తుంపర చేయలేదు, ధారగా చిమ్ముతుంది. సున్నాన్ని ఎయిర్‌లెస్‌లో పొయ్యకు. ఆ గరుకుకు ప్యాకింగులు, టిప్పు రెండూ అరిగిపోతాయి.

ఇప్పుడు చెప్పేది కుర్రాళ్లందరినీ కూర్చోబెట్టి చదివించు. కారు టైరులో ఉండే గాలి 30, 35 పీఎస్‌ఐ. ఎయిర్‌లెస్ గన్ను మూతి దగ్గర ఉండేది దానికి దాదాపు అరవై నుంచి వంద రెట్లు. టిప్పు బ్లాకయిందని వేలితో తుడిస్తే, పెయింట్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల నరాల వెంబడి పెయింట్ పాకి, కొన్ని గంటల్లో వేలు చచ్చుబడుతుంది. వెంటనే ఆపరేషన్ చేయగలిగే పెద్దాసుపత్రికి వెళ్లాలి. డాక్టరుకు చిన్న గాయమని కాక, ఎక్కువ ప్రెషర్‌తో పెయింట్ లోపలికి పోయిందని, ఏ పెయింటో కూడా చెప్పాలి. డబ్బా ఫోటో తీసుకుని వెళ్లండి. టిప్పు తీసే ముందు ప్రతిసారీ మోటారు ఆపు, ప్రైమ్ వాల్వు తిప్పి ప్రెషర్ వదులు, గన్ను ట్రిగ్గరు బకెట్టులోకి నొక్కి ఖాళీ చెయ్యి, లాక్ వెయ్యి. టిప్పు ముందుండే పసుపు గార్డు అడ్డమొస్తోందని తీసేసేవాణ్ణి ఆ రోజుకు పని మాన్పించు.

నీ షెడ్డులో వెల్డింగు, పెయింటింగు ఒకే కప్పు కింద ఉన్నాయని అనుకుంటున్నాను. గ్రైండింగు నిప్పురవ్వ పడాల్సిన అవసరం కూడా లేదు, థిన్నర్ ఆవిరి నేల వెంబడి పాకుతూ వెళ్లి దూరంలో ఉన్న నిప్పును అందుకుంటుంది. పెయింటుకు వేరే వారగా చోటు కట్టు, రెండు పక్కలా గాలి ఆడేలా. ఆ పక్క స్విచ్‌బోర్డులు, మామూలు ఫ్యాన్లు ఉండకూడదు. ట్రైలర్‌కు, పాట్‌కు ఎర్తు వైరు కట్టు, థిన్నర్‌తో కడిగేటప్పుడు ఇనుప బకెట్టులోకే వదులు. ముక్కుకు కట్టుకునే గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని అస్సలు ఆపదు. ఆవిరి పట్టే కార్ట్‌రిడ్జీ మాస్కు ఉండాలి. టూ ప్యాక్ పీయూ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఒకసారి ఊపిరితిత్తులకు పడకుండా పోతే జీవితాంతం ఆస్తమా మిగులుతుంది, దానికి బయటి గాలి అందించే మాస్కు లేకుండా పని ఒప్పుకోకు.

స్కూళ్ల పని కాబట్టి ఇదొకటి. ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. పరిశ్రమలకు వాడే పెయింట్లు వాటి కిందికి రావు. షెడ్డులో మిగిలిన ట్రైలర్ పసుపును స్కూలు కిటికీ గ్రిల్లులకు కొట్టేద్దామని ఎవరూ అనకుండా చూసుకో, పిల్లలు ఆ గ్రిల్లులు పట్టుకుని ఆడుకుంటారు. పాత మిషన్ల పెయింటును, పాత బిల్డింగుల కిటికీలను గీకేటప్పుడు కూడా సీసం దుమ్ము ఉంటుందనే అనుకుని మాస్కు పెట్టుకుని, తడిపి రుద్దండి.

డబ్బు లెక్కకు వస్తే, ముందు ప్రెషర్ పాట్, మంచి గన్ను, ఫిల్టరు తీసుకో, ఇవి రోజూ తిండి పెట్టేవి. కంప్రెసర్ మార్చడానికి ఇప్పుడే చేతిలో లేకపోతే ఉన్న 2 హెచ్‌పీకి ఇంకో ట్యాంకు జోడించి, మధ్యమధ్యలో ఆగుతూ కొన్నాళ్లు నడుపు. తర్వాత ఎయిర్‌లెస్. కాంట్రాక్టు చేతికి రాకముందు కొనకు, మొదటి గోడౌనుకు అద్దెకు దొరికితే అద్దెకే తెచ్చుకో. కొనే రోజు షాపులో నీళ్లతో చూపించే డెమో చూసి డబ్బు కట్టకు, నీళ్లు ఏ పంపులోనైనా పోతాయి. నువ్వు వాడే ఎమల్షన్ బకెట్టు, నీ ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని వెళ్లు. 30 మీటర్ల హోసు తగిలించి, 519 టిప్పుతో అట్ట మీద కొట్టించు. ట్రిగ్గరు నొక్కి పట్టుకున్నంతసేపూ తోకలు రాకుండా పట్టీ నిలబడాలి, వదిలాక మోటారు ఆగి ప్రెషర్ మీటరు ముల్లు కదలకుండా ఉండాలి. ముల్లు మెల్లగా కిందికి జారుతుంటే వాల్వు గానీ ప్యాకింగు గానీ లీకవుతున్నట్టు, ఆ పీసు వద్దని ఇంకోటి తెరిపించు.